బాడుగకు కలదు

సోలాపూర్ దుప్పట్లకూ తువ్వాళ్ళకూ ఆర్డర్లు పట్టే ఏజెంటుగా నేను 1986లో తిరగడం మొదలుపెట్టాను. సొంత ఊరు హోసూరు. నా లైను హోసూరు, కృష్ణగిరి, కోలారు బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేట, పైన బళ్ళారి. సరుకు మాట్లాడుకోవడానికి ఏడాదికి మూడు నాలుగు సార్లు సోలాపూరు పోయేవాణ్ణి. రాష్ట్రాలు మూడు. అయినా గల్లా దగ్గర కూర్చున్న మనిషితో ముప్పాతిక వంతు తెలుగులోనే బేరం చేశాను. సోలాపూరులో నాకు సరుకిచ్చేవాళ్ళు పద్మశాలీలు, తాతల నాడు కరీంనగరం, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పోయి అక్కడ మగ్గాలు పాతుకున్నవాళ్ళు. బళ్ళారి సంగతి చెప్పనక్కర లేదు, 1953 దాకా ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండింది. ఈ పత్రికలో మన బడుల మీద, గుళ్ళ మీద, నాటకాల మీద వ్యాసాలు చదువుతూ వచ్చాను. అంగళ్ళ మీద ఎవరూ రాయగా చూడలేదు గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏ ఊళ్ళో బస్సు దిగినా నా కళ్ళు ముందు వెతికేది షట్టర్ల మీద వేలాడే అట్టముక్కను. రాబర్ట్‌సన్‌పేటలోనూ బళ్ళారిలోనూ దాని మీద 'బాడిగెగె ఇదె' అని ఉంటుంది. హోసూరులో 'వాడగైక్కు'. సోలాపూరులో 'భాడ్యానే దేణే ఆహే'. కోస్తా జిల్లాల వాళ్ళు అద్దె అంటారు గానీ మన వైపు నోట వచ్చేది బాడుగే. సంస్కృతంలోని 'భాటకం' అన్న మాట నాలుగు భాషల్లోనూ నాలుగు వేషాలు వేసుకుని ఇలా షట్టర్లకు వేలాడుతున్నది. మాట ఒకటే అయినా ఆ అట్ట ఎన్నాళ్ళు వేలాడుతుందన్నది ఊరూరికీ వేరు. హోసూరులో ఒక ట్రిప్పులో చూసిన అట్ట మరుసటి ట్రిప్పుకు ఉండేది కాదు. రాబర్ట్‌సన్‌పేటలో అక్షరాలు ఎండకు వెలిసిపోయి, ఫోను నంబర్లకు అంకెలు పెరిగిన తర్వాత కూడా పాత నంబరుతోనే అట్ట అట్లాగే ఉండేది.

కష్టకాలం వచ్చినప్పుడు పేపర్లు 'మాంద్యం' అని ఒకే మాట వాడతాయి, దేశమంతా ఒకే వాన కురిసినట్టు. నా దగ్గర ఉన్న లెక్క ఆర్డరు పుస్తకం ఒకటే. అందులో ఊరికొక పేజీ. ఏ పార్టీ ఎన్ని బేళ్ళు చెప్పాడు, ఎన్ని రోజుల వాయిదా అడిగాడు, ఎన్నో రోజున డబ్బు పంపాడు అన్నవి వరసగా రాసి ఉంటాయి. అరవై రోజుల వాయిదా తొంభై అయిందంటే ఆ బజారులో ఏదో జరుగుతున్నదని అర్థం. బ్యాంకు మేనేజరుకన్నా, పేపరు విలేకరికన్నా ముందు ఈ సంగతి ఏజెంటుకు తెలుస్తుంది. ఏజెంటును అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు గనుక అది అక్కడే ఉండిపోతుంది.

అమెరికాలో లేమన్ బ్రదర్స్ అన్న పెద్ద సంస్థ 2008 సెప్టెంబరు 15న దివాలా తీసింది. ఆ చలికాలం నా పుస్తకంలోని పేజీలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా నడిచాయి.

ముందు హోసూరు. మా ఊరికి సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది 1970లలో. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., కొన్నేళ్ళకు టైటాన్ గడియారాలు. వాటి చుట్టూ సామాను చేసిచ్చే చిన్న వర్క్‌షాపులు లెక్కలేనన్ని. ఈ చిన్నవాటిలో పనిచేసే కాంట్రాక్టు కుర్రవాళ్ళు ధర్మపురి, సేలం, చిత్తూరు పల్లెల నుంచి వచ్చి మూకండపల్లి చుట్టూ ఒక్కొక్క గదిలో అయిదారుగురు ఉండేవాళ్ళు. గదిలో చేరిన మొదటి రోజు కొనేవి మూడు: చాప, బకెట్టు, ఒంటి దుప్పటి. పెళ్ళిళ్ళ సీజనుతో పనిలేకుండా హోసూరులో నాకు ఏడాది పొడవునా ఒంటి దుప్పట్లు పోయాయంటే ఆ కుర్రవాళ్ళ వల్లనే. 2008 చివర్లో లారీల గిరాకీ పడిపోయి అశోక్ లేలాండ్ వారానికి మూడు రోజుల పని పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీ మూడు రోజులంటే దానికి బోల్టులూ బ్రాకెట్లూ చేసే షెడ్డుకు పనే ఉండదు. కుర్రవాళ్ళు చాప చుట్టుకుని ఊళ్ళకు పోయారు. బాగలూరు రోడ్డులో మెస్సులు మూశారు, వాటి వెనకే చవక బట్టల అంగళ్ళు. ఆ సంక్రాంతికి నేను లెక్కపెట్టుకుంటూ నడిస్తే ఒకే వరసలో పదకొండు షట్టర్లకు బీగాలున్నాయి.

మళ్ళీ దీపావళి వచ్చేసరికి ఆ పదకొండులో తొమ్మిది తెరుచుకున్నాయి. తెరిచినవాళ్ళు వేరు. బట్టల అంగడి పోయి సెల్‌ఫోనులు, మెస్సు పోయి బేకరీ, ఒకచోట ఇళ్ళస్థలాల బ్రోకరు. బండ్ల గిరాకీ ఏడాది లోపలే కోలుకుంది. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ బాడుగ కట్టలేనివాడు సరిహద్దు దాటి ఇటు వస్తాడు. హోసూరులో దెబ్బ తగిలేది అంగడి పెట్టినవాడికి, అంగడికి కాదు. 2019 సెప్టెంబరులో మళ్ళీ బండ్ల అమ్మకాలు పడిపోయి అశోక్ లేలాండ్ హోసూరులో అయిదు రోజులు పని ఆపినప్పుడూ ఇదే వరస చూశాను. పాతవాళ్ళు కొందరు పోయారు, గోడలకు కొత్త రంగు పడింది, బాడుగ మాత్రం ఒక్క రూపాయి దిగలేదు.

అదే 2008 చలికాలంలో సోలాపూరు పోయాను. విదేశాలకు టెర్రీ తువ్వాళ్ళు పంపే మగ్గాల వాళ్ళ ముఖాలు వాడిపోయి ఉన్నాయి. అమెరికా, ఐరోపా ఆర్డర్లు తగ్గి షెడ్డుల్లో సరుకు గుట్టలు పడింది. అది నాకు మంచిదే, ధర తగ్గించి ఇచ్చారు. కానీ మన తెలుగువాళ్ళుండే తూర్పు భాగం బజారులో నేను అనుకున్నట్టు ఏమీ కనబడలేదు. దుకాణాలు (అక్కడ అంగడి అంటే నవ్వుతారు) కిటకిటలాడుతున్నాయి. కారణం బీడీ. ఆ పేటల్లో మగవాడు మగ్గం మీద ఉంటే ఇంట్లో ఆడది బీడీలు చుడుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, వారానికొకసారి చేతికొస్తుంది. లేమన్ బ్రదర్స్ కూలినంత మాత్రాన బీడీ తాగేవాడు మానడు. చిన్న దుకాణదారు ఒకాయన నాకు లెక్క చెప్పాడు. "మగాయన పైసలు కిరాయికి, బడికి పోతయి. దుకాణం నడిచేది ఆడోళ్ళ వారం కూలి మీదనే. ఒక వారం గడిచిందంటే నా దుకాణం ఒక వారం గడిచినట్టు."

సోలాపూరులో ఆవిరి కూతల పెద్ద మిల్లులు ఒకటి తర్వాత ఒకటి మూతపడ్డ రోజులు నాకు ముందు తరం వాళ్ళు చెప్పేవాళ్ళు. మొదటి మిల్లు 1877లో వచ్చింది, ఊరివాళ్ళకు అది జునీ మిల్లు, అంటే పాత మిల్లు. ఆ మిల్లుల చుట్టూ బతికిన అంగళ్ళు వాటితోనే పోయాయట. తూర్పు భాగం మాత్రం నిలిచింది. అక్కడ డబ్బు ఒకే గేటులోంచి బయటికి రాదు. వేల ఇళ్ళలో, వారం వారం, చిన్న చిన్న నోట్లుగా పుడుతుంది. అంతమాత్రాన ఆ బతుకేదో బంగారమని నేననను. పొగాకు దుమ్ములో వంగి కూర్చున్న ఆ ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే ఎవరూ అట్లా అనలేరు. దుకాణం షట్టరు ఎందుకు పైకి లేచి ఉందో చెబుతున్నాను, అంతే.

ఇక అదే చలికాలం రాబర్ట్‌సన్‌పేట. నా పుస్తకంలో ఆ పేజీ కొంచెం కూడా కదల్లేదు. అంతకు ముందే పడాల్సినంత పడిపోయింది. ఆ ఊరి మాంద్యం 2008 నాటిది కాదు.

పాఠకుల్లో చిన్నవాళ్ళ కోసం కొంచెం వెనక్కి పోతాను. 1880లో జాన్ టేలర్ కంపెనీ అనే ఇంగ్లీషు సంస్థ అక్కడ తవ్వకాలు చేపట్టింది. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి గనులకు కరెంటు వచ్చింది, బెంగళూరు వీధులకన్నా ముందు. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, తర్వాత కేంద్రం చేతికి వచ్చాయి. 1972 నుంచి పేరు భారత్ గోల్డ్ మైన్స్. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు వేల మీటర్లు దాటింది. మంచి రోజుల్లో సుమారు ముప్ఫై వేల మంది పనిచేశారు. కార్మికుల్లో ఎక్కువమంది ఉత్తరార్కాడు తమిళులు, తర్వాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన మనవాళ్ళు. బంగళాలు, క్లబ్బులు చూసి దాన్ని చిన్న ఇంగ్లండు అనేవారు.

మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. బావకు ఎం.జి. మార్కెట్టు దగ్గర బట్టల అంగడి, వాళ్ళ నాన్న పెట్టింది. నా లైనులో తువ్వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ పోయింది ఆ అంగడిలో. గనిలో లోతుకు పోయేకొద్దీ రాయి కాలిపోతూ ఉంటుంది, మనిషి చెమటలో తడిసి ముద్దవుతాడు. పైకి రాగానే కోలారు చలిగాలి. అందుకని గనివాడికి మందమైన తువ్వాలు కావాలి, అది నెలల్లో చివికిపోతుంది. కొన్నదంతా ఖాతాలోకి పోతుంది, జీతాల రోజు సాయంత్రం ఖాతా తీరుతుంది. తమిళ పేర్లన్నీ బావ తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. పేరు పక్కన టోకెను నంబరు, షాఫ్టు పేరు. గని కూత పెట్టే వేళలను బట్టే అంగడి తెరిచేవాడు, మూసేవాడు.

నేను లైనులో చేరేనాటికే గనుల్లో మనుషులు ఏటా తగ్గుతున్నారు. 2001 ఫిబ్రవరి 28న పూర్తిగా మూసేశారు. ఆ రోజుకు మిగిలినవాళ్ళు నాలుగు వేలకు లోపే. ముప్ఫై వేల ఊళ్ళో నాలుగు వేలు ఏపాటి అనిపిస్తుంది. కానీ ఆ నాలుగు వేల జీతం మీద బట్టల అంగడి, దర్జీ, పాత్రల అంగడి, పువ్వులమ్మే ఆమె, సైకిలు రిపేరు, సినిమా హాలు ముందర వేరుశనక్కాయల బండి, ఇంతమంది ఉన్నారు.

అందరూ అనుకున్నట్టు అంగళ్ళు మర్నాడే మూతపడలేదు. ఇది నేను కళ్ళారా చూసిన వింత. సెటిల్మెంటు డబ్బు వచ్చినవాళ్ళకు వచ్చినప్పుడల్లా బజారు కళకళలాడింది. ఆగి ఉన్న పెళ్ళిళ్ళు జరిగాయి, టీవీలు కొన్నారు. గనులు పోయిన ఆ ఒకటి రెండేళ్ళలో బావ పెళ్ళి దుప్పట్లు నాకు ఎప్పుడూ చెప్పనన్ని బేళ్ళు చెప్పాడు. చెబుతూనే, "ఇది వడ్డీ కాదప్పా, అసలు తింటా ఉండారు" అన్నాడు. అసలు తినడం అయిపోయిన తర్వాత అంగళ్ళు ఒక క్రమంలో రాలాయి. రేపు కొనుక్కుందాం అనుకోగలిగిన సరుకు అమ్మేవాళ్ళు ముందు పోయారు: పాత్రలు, గడియారాలు, బట్టలు. బట్టలతోబాటు దర్జీలు. కిరాణా చివరిదాకా నిలబడుతుంది, సగం అరలు ఖాళీగానైనా. మందుల అంగళ్ళు పెరిగాయి, సారాయి అంగళ్ళకు లోటు రాలేదు, తాకట్టు అంగడివాళ్ళు పక్క అంగడి కూడా తీసుకుని గోడ కొట్టి వెడల్పు చేసుకున్నారు. ఏ బజారులోనైనా తాకట్టు అంగడి వెడల్పయిందంటే నేను ఆ ఊళ్ళో వాయిదా ఇవ్వడం తగ్గిస్తాను.

ఒకే ఊళ్ళో కూడా తేడా ఉంది. బి.ఇ.ఎం.ఎల్. ఫ్యాక్టరీ, అంటే మట్టి తవ్వే యంత్రాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ నడుస్తూనే ఉంది. ఆ జీతాలు వచ్చే వైపు అంగళ్ళకు ఏమీ కాలేదు. ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు అంగళ్ళు చీకటిపడ్డాయి. మధ్యలో దూరం కొన్ని కిలోమీటర్లే.

అయితే ఊరు ఖాళీ కాలేదు. బయటివాళ్ళు కె.జి.ఎఫ్.ను దయ్యాల ఊరని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనుషులున్నారు, ఇళ్ళున్నాయి, పిల్లలు చదువుకున్నారు. తెల్లవారకముందే మారికుప్పం నుంచి బయల్దేరే రైళ్ళలో రోజూ వేల మంది బెంగళూరుకు పోయి రాత్రికి వస్తారు. మా మేనల్లుడు కూడా అందులో ఒకడు, వైట్‌ఫీల్డులో ఉద్యోగం. వాడి చొక్కాలు, వాడి పెళ్ళాం చీరలు, చివరికి ఇంట్లోకి కూరగాయలు కూడా బెంగళూరు నుంచే సంచిలో వస్తాయి. బట్టల అంగడివాడి కొడుకే బట్టలు బయట కొంటున్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం. రాత్రి తొమ్మిదికి రైలు దిగినవాడు ఏ అంగడికి పోతాడు? బావ కొన్నాళ్ళు రాత్రి పదిన్నర దాకా తెరిచి చూశాడు. రైలు దిగినవాళ్ళు అంగడి ముందునుంచే గబగబా ఇంటికి నడిచారు.

"ఊరు నిండుగానే ఉండాది. జీతం యాడ పుడితే ఆడనే ఖర్చయితాది. మన దగ్గరికి వచ్చేది నిద్రే" అన్నాడు బావ.

హోసూరుకూ ఈ ఊరికీ ఉన్న తేడా నాకు ఆ మాటలోనే దొరికింది. రెండూ బెంగళూరు నీడలోనివే. హోసూరుకు బెంగళూరు నుంచి డబ్బు వస్తుంది, కొత్త వ్యాపారి వస్తాడు. కె.జి.ఎఫ్. నుంచి బెంగళూరుకు మనిషి పోతాడు, వాడి వెంట వాడి జేబూ పోతుంది.

2009లో ఒక సంగతి జరిగింది. పాత గనివాడు ఒకాయన అంగడికి వచ్చి 640 రూపాయలు బల్ల మీద పెట్టాడు. 2001 నాటి ఖాతా. బావ దాన్ని ఎప్పుడో వదిలేసుకున్నాడు. ఆయన కొడుకు మా హోసూరులో ఒక వర్క్‌షాపులో కాంట్రాక్టు పనివాడు, ఆ మూడు రోజుల పని కాలంలో ఇంటికి వచ్చేసి, మళ్ళీ పిలుపు వచ్చి చేరాడట. చేరిన తర్వాత మొదటి జీతంలోంచి తండ్రికి పంపిన డబ్బు అది. హోసూరులో వర్క్‌షాపు మూస్తే రాబర్ట్‌సన్‌పేటలో ఖాతా ఆగుతుంది, తెరిస్తే తీరుతుంది. ఏ పేపరులోనూ ఈ దారి కనబడదు. బావ పుస్తకం తీసి ఆయన పేరు మీద గీత కొట్టి, ఒక తువ్వాలు ఊరికే ఇచ్చాడు. ఆయన వద్దనలేదు.

బళ్ళారి గురించి పొడుగ్గా రాయను, ఆ కథ అందరికీ తెలుసు. చైనా ఇనుప ఖనిజం కొన్నన్నాళ్ళు ఆ ఊరు నేల మీద నడవలేదు. 2011 జూలై 29న సుప్రీం కోర్టు ఆ జిల్లాలో తవ్వకాలు ఆపేసింది. ఆ దసరాకు నేను పోయేసరికి హొస్పేట రోడ్డు పొడవునా లారీలు నిలబడి ఉన్నాయి. టైర్ల అంగళ్ళు, స్పేరు పార్టుల అంగళ్ళు, ఢాబాలు వరసగా మూశారు. ఫైనాన్సు కంపెనీల వాళ్ళు లారీలు పట్టుకుపోతున్నారు. ఊళ్ళోపల బెంగళూరు రోడ్డులో కొత్తగా అద్దాల అంగళ్ళు పెట్టి పెద్ద బాడుగలకు ఒప్పుకున్నవాళ్ళు దెబ్బతిన్నారు. కౌల్ బజార్ వైపు మాత్రం కుట్టుమిషన్ల చప్పుడు ఆగలేదు. అక్కడ జీన్స్ ప్యాంట్లు కుడతారు, గనులు రాకముందూ కుట్టారు. బళ్ళారిలో నా పాత పార్టీ ఒకాయన, గనుల డబ్బు రోజుల్లో కూడా మేడ కట్టనివాడు, ఆ ఏడాది నాకు అరవై రోజుల్లోపే డబ్బు పంపాడు. ఆయన గిరాకీ అంతా జీన్సు కుట్టేవాళ్ళు. 2013 ఏప్రిల్లో కోర్టు కొన్ని గనులకు దారి ఇచ్చింది గానీ, పాత ఊపు నా పుస్తకంలో మళ్ళీ కనబడలేదు.

మా చెల్లెలి కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. ఈ మాటలన్నీ వాడితో చెబితే, అక్కడా ఇదే కథ అన్నాడు. వూల్‌వర్త్స్ అని నూరేళ్ళ నాటి అంగళ్ళ కంపెనీ అక్కడ దివాలా తీసి 2009 జనవరి మొదటి వారానికల్లా ఎనిమిది వందలకు పైగా అంగళ్ళు మూసేసింది. ఒకే కంపెనీ, ఒకే నెల, ఒకే రకం సరుకు. లండను చుట్టుపక్కల ఆ అంగళ్ళు చాలావరకు త్వరగానే నిండాయి. ఉత్తరాన బొగ్గు గనులూ నూలు మిల్లులూ పోయిన ఊళ్ళల్లో చాలాచోట్ల ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. అక్కడ ఖాళీ అంగళ్ళను వీధి వీధినా తిరిగి లెక్కపెట్టే సంస్థ కూడా ఉందట. మన దగ్గర మహానగరాల్లో మాల్‌లలో ఖాళీలు లెక్కకట్టేవాళ్ళున్నారు గానీ రాబర్ట్‌సన్‌పేట సందుల్లోకి ఎవరు వస్తారు? చిన్న ఇంగ్లండు అని పేరు పెట్టినందుకు ఈ ఒక్క విషయంలో పోలిక బాగానే కుదిరింది.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు నా పుస్తకం తలకిందులయింది. బీడీ కూలి నోట్లలో వచ్చేది, నోట్లు లేవు. ఇన్నేళ్ళు ఏ మాంద్యానికీ చెదరని సోలాపూరు తూర్పు భాగం ఆ రెండు నెలలు కూలబడింది. హోసూరులో జీతాలు బ్యాంకులో పడేవాళ్ళు కార్డు గీకి కొనుక్కున్నారు. తర్వాత 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌను. అప్పుడు అన్ని ఊళ్ళూ ఒకటే, నాలుగు పేజీలూ తెల్లగానే ఉన్నాయి. రాబర్ట్‌సన్‌పేటలో మాత్రం ఒక విచిత్రం. రైళ్ళు ఆగి, బెంగళూరు పోయేవాళ్ళందరూ ఇరవై ఏళ్ళ తర్వాత పగటిపూట ఊళ్ళోనే ఉన్నారు. బావ ఫోనులో, "మనుషులు వచ్చినారప్పా, డబ్బులే రాలా" అన్నాడు.

2021లో రెండో అల తగ్గిన తర్వాత బావ అంగడి వదిలేశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు. మేనల్లుడు వద్దనలేదు, ఉండమనీ అనలేదు. అంగడి సొంతదారు మంచిమనిషి, బీగంచేతులు తీసుకుని అడ్వాన్సు తిరిగిచ్చాడు. 1974లో కట్టిన అడ్వాన్సు, 500 రూపాయలు. ఒకే ఒక్క నోటు. బావ దాన్ని వెలుగులో పట్టి చూసి, "ఇది కట్టిన రోజు మా నాయన అప్పు చేసినాడు" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మా అక్క లోపలికి పోయింది. మిగిలిన సరుకు నేనే కొంత హోసూరులో ఒక పార్టీకి అమ్మిపెట్టాను. ఖాతా పుస్తకాలు పాతకాగితాలవాడికి పోబోతే అక్క రెండు తీసి దాచింది. తమిళ గనివాళ్ళ పేర్లు తెలుగు చేతిరాతలో, షాఫ్టు పేర్లతో సహా అందులో ఉన్నాయి. మేనల్లుడి కూతురు కన్నడ మీడియం, ఆ పేర్లు చదవలేదు. బావ చదివి వినిపిస్తే ఈయన ఎవరు, ఆయన ఎక్కడుంటాడు అని అడుగుతుంది.

అంగడికి 'బాడిగెగె ఇదె' అట్ట రెండేళ్ళకు పైగా వేలాడింది. తర్వాత ఆన్‌లైను సరుకులు ఇంటింటికీ అందించేవాళ్ళు పార్సిళ్ళు పెట్టుకోవడానికి తీసుకున్నారు. బావ కట్టిన బాడుగకన్నా తక్కువకే. బోర్డు లేదు, గల్లా లేదు. పొద్దున వ్యాను వచ్చి సంచులు దించుతుంది, కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద పట్టుకుపోతారు. రాత్రి రైలు దిగి వచ్చినవాళ్ళకు మర్నాడు ఇంటి దగ్గర చేరేవి అవే సంచులు. నేను పోయినప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. లోపల పాత కొయ్య అరలు అట్లాగే ఉన్నాయి, ఒక్కొక్క అరకు వీధి పేరు రాసి అతికించారు. ఒక సంచి మీద సోలాపూర్ చాదర్ అని ఉంది, పంపిన చిరునామా పానిపట్టు. సోలాపూర్ చాదరుకు 2005లో ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా పానిపట్టులో నేసి ఆ పేరుతో అమ్మడం ఆగలేదు. సరుకు చేత్తో పట్టి చూస్తే నాకు తెలిసిపోతుంది. అక్కడ పట్టి చూసేవాళ్ళు లేరు.

నా లైను ఇప్పుడు సగం అయింది. హోసూరులో రెండు పార్టీలు, బళ్ళారిలో ఆ పాత పెద్దమనిషి కొడుకు. కమీషను నూటికి రెండు, చార్జీలకు సరిపోతుంది. వచ్చే నెల బళ్ళారి పోవాలి.

ఈ పత్రిక బరంపురానికీ యానానికీ కూడా పోతుందని సంపాదకులు చెప్పారు. ఆ ఊళ్ళు నేను చూడలేదు. అక్కడి పాఠకులు ఒక సాయంత్రం తమ పెద్ద బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి మూసిన షట్టర్లు ఎన్నో, ఏ సరుకు అంగళ్ళు ముందు పోయాయో, ఊళ్ళో ఎక్కువమందికి కూలి ఏ రోజున చేతికొస్తుందో ఒక కార్డు ముక్క రాసి పంపితే, నా పుస్తకంలో ఇంకా తెల్లకాగితాలున్నాయి, వాటిలో ఎక్కించుకుంటాను.